దాలమ్మ సంచులకు గిరాకీ నిర్ధారణ

కలకత్తాలో ఏ వస్తువైనా పుట్టాలంటే, దానికి పుట్టే అర్హత ఉందని ముందుగా ఒక సమావేశం తేల్చాలి. (ఈ నియమం మనుషులకు ఇంకా వర్తించడం లేదు. ఆ ఉపసంఘం వేయడం మరిచిపోయినట్టున్నారు.)

ఆ ఊరి మెటియాబ్రుజ్ పేటలో బట్టలు కుట్టే కార్ఖానాలో దారాలు కత్తిరించే దాలమ్మకు ఈ సంగతి తెలియదు. గుడ్డసంచి మీద ఎవరడిగిన బొమ్మ వాళ్లకు, అడిగిన తర్వాతే అచ్చువేసి ఇవ్వాలని ఆమె ఆలోచన. సరుకు మిగిలిపోయే బాధ లేదు. కార్ఖానా యజమాని ఓస్తాగర్ సాహెబ్ కొన్న కొత్త అచ్చు మిషను దుర్గాపూజల పని మొదలయ్యేదాకా ఖాళీగానే ఉంటుంది. "గిరాకీ ఉందని మీ తెలుగు సమాజం ఒక్క మాట చెబితే మిషను నీకే వదిలేస్తాను. లేదంటే కత్తెర పట్టుకో" అన్నాడాయన. కత్తెర పట్టీ పట్టీ దాలమ్మ బొటనవేలు వంగడం మానేసింది. అందుకే ఆ ఒక్క మాట కోసం సమాజం మెట్లెక్కింది.

కార్యదర్శి పట్టాభిగారు పోర్టులో గుమాస్తాగా రిటైరయినవారు. ఒక్క మాట చెప్పడం ఆయనకు అలవాటు లేదు. వెంటనే 'గిరాకీ నిర్ధారణ ఉపసంఘం' వేసి, తానే అధ్యక్షుడై, సర్వసభ్య సమావేశం పిలిచారు.

"ఈ సంచులు కావాలనేవారు చేతులెత్తండి" అన్నారు.

హాలంతా చేతులెత్తింది. దాలమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి.

"వద్దనేవారు?"

హాలంతా మళ్లీ ఎత్తింది. (ఓడరేవు డాకుల్లో ఏళ్ల తరబడి యూనియన్ మీటింగులకు వెళ్లిన చేతులవి. వేదిక మీద ఎవరు గొంతు పెంచినా వాటంతటవే లేస్తాయి.) రెండు తీర్మానాలూ ఏకగ్రీవంగా నెగ్గినందున విషయాన్ని లోతుగా పరిశీలించాలని ఉపసంఘం నిర్ణయించింది. లోతుకు దిగడానికి టీ, సింగాడాలనే బెంగాలీ సమోసాలు తెప్పించారు.

ఈలోగా పొరుగింటి జగ్గమ్మ దాలమ్మ దగ్గరకొచ్చింది. "మా ఆయన ఫోటో ఏసి ఓ సంచీ ఇయ్యే. బతికున్నన్నాళ్లూ ఒక్కపాలి నాతో బజారుకి రానేదు. ఇప్పుడైనా ఒస్తాడు."

దాలమ్మ ఆమెను చెయ్యిపట్టి సమాజానికి లాక్కెళ్లింది. "సెక్రటరీ బాబూ, గిరాకీ నడిసొచ్చింది, సూడండి!"

పట్టాభిగారు జాలిగా నవ్వారు. "ఈవిడకు సంచి కావాలి కదమ్మా. కావాలనుకునే మనిషి నిష్పక్షపాతంగా ఎలా చెబుతుంది? ఈ సాక్ష్యం చెల్లదు."

"అయితే ఏటి బాబూ, అక్కర్లేనోళ్లని అడగాలా?"

"అదే శాస్త్రీయ పద్ధతి."

అక్కర్లేనివాళ్లను వెతికి పట్టుకుని అడిగారు. వాళ్లు అక్కర్లేదన్నారు. ఒక్క సంచి అచ్చువేసి చూపిస్తానని దాలమ్మ బతిమాలింది. నమూనా చూపిస్తే జనం ఆశపడే ప్రమాదం ఉందని ఉపసంఘం ఒప్పుకోలేదు. ఇలాంటి వ్యాపారమే భవానీపూర్‌లో ఉందని తెలిసి, ఉపసంఘమే అధ్యయనానికి బస్సెక్కి వెళ్లింది. అక్కడి దుకాణదారు ఏ పరీక్షా లేకుండా గుమ్మానికి ఒక సంచి వేలాడదీసి కూర్చున్నాడు. అతని అజ్ఞానానికి ఉపసంఘం విచారం వ్యక్తం చేసింది.

పూజల పని మొదలైంది. మిషను ఓస్తాగర్ పనిలోకి పోయింది, దాలమ్మ కత్తెర దగ్గరకు పోయింది. ఆ మర్నాడే నివేదిక వెలువడింది: గిరాకీ లేదు. చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. కానీ తప్పు పట్టడానికి లేదు, అంత పద్ధతిగా ఉంది.

పూజల తర్వాత సమాజం విజయా సమ్మేళనం జరిపింది. ఉపసంఘం కృషికి కృతజ్ఞతలు తెలిపేవారిని చేతులెత్తమంటే హాలంతా ఎత్తింది. అలవాటు కొద్దీ దాలమ్మ చెయ్యి కూడా లేచింది. సహకరించినందుకు ఆమెకో జ్ఞాపిక ఇచ్చారు. గుడ్డసంచి. దాని మీద పట్టాభిగారి నవ్వు ముఖం, రంగుల్లో.

దాలమ్మ అచ్చును ఆ వంగని వేలితో తడిమి చూసింది. "యాడ ఏయించారు బాబూ?"

"భవానీపూర్‌లోనమ్మా. ఇవ్వడానికి బాగా ఆలస్యం చేశాడు. ఏం చేస్తాం, అతనికి ఒకటే గిరాకీ."