బ్యాంకు సారుకు తినిపించిన బజ్జీలు

ఆ సోమవారం ఉదయం రాఘవులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు సారు వస్తాడు. రాఘవులు నగర్‌నార్ రోడ్డు మలుపులో నిలబడి, ఆయన్ను కొనబోయే ఇంటికి తీసుకెళ్ళాలి. భార్య బిందు ముందే వెళ్ళి ఇల్లు ఊడ్చి, కిటికీలు తీసి ఉంచాలి. సారు బాగుందని రాస్తే హోంలోను వచ్చినట్టే.

కిష్టారం పల్లె నుంచి, హిందీ మాట్లాడే జగదల్‌పూర్‌కు వచ్చిన పదకొండేళ్ళలో వాళ్ళు ఏడు అద్దె ఇళ్ళు మారారు. ఎనిమిదో ఇంటాయన నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. దానికి తోడు, ఇల్లు అమ్మే దేవేంద్ర నిన్న ఫోన్ చేసి, వచ్చీరాని తెలుగులో ఒక బాంబు పేల్చాడు. "భయ్యా, రేపు ఇంకో పార్టీ వస్తది ఇల్లు చూడనీకి. మీరు జల్దీ చెయ్యుండ్రి."

అప్పట్నుంచి రాఘవులుకు కాలు ఒకచోట నిలవలేదు. తొమ్మిదింటికే మలుపుకు చేరాడు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పది కావస్తుండగా చంకలో ఫైలుతో ఒక పెద్దమనిషి బస్సు దిగి అటూ ఇటూ చూశాడు.

"ఇల్లు సూడనీకి వచ్చిన్రా సార్?" అన్నాడు రాఘవులు.

"అవును. దేవేంద్ర ఇల్లు. సూపిచ్చేది నువ్వేనా?"

సారుది కూడా తెలుగే. రాఘవులుకు ప్రాణం లేచొచ్చింది. టీ పోయించి, రెండు ప్లేట్ల బజ్జీలు ఆయన ముందు పెట్టించాడు.

"గోడకు మేకు దిగదు సార్. నీళ్ళంటరా, కొబ్బరినీళ్ళే. ఎంత వాన కొట్టినా స్లాబు చుక్క కారదు."

"ఇంత మంచి ఇల్లు అగ్గువకు ఎందుకిస్తుండు?" అన్నాడు పెద్దమనిషి, బజ్జీ నములుతూ.

విలువ ఎక్కువ రాస్తే లోను ఎక్కువ వస్తుంది కదా అనుకున్నాడు రాఘవులు. "ఇంకో రెండు లచ్చలు పెట్టినా నష్టం లేదు సార్."

అక్కడ ఇంటి దగ్గర జరిగింది అతనికి తర్వాత బిందు చెబితే తెలిసింది. ఆమె వాకిలి ఊడుస్తుండగా హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు వెనక సందులోంచి బైకు మీద వచ్చి, టేపు తీసి గోడలు కొలవసాగాడు. ఆ ఇంకో పార్టీ ఇతడేనని బిందు తేల్చేసుకుంది. చీపురు పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళింది.

"సార్, మంచోళ్ళ లెక్కున్నరు, చెప్తున్న. ఈ ఇల్లు మీకొద్దు. స్లాబు కారుతది. బోరు నీళ్ళు ఎర్రగ వస్తయి. ఆ గోడ పక్కోళ్ళ జాగలున్నది."

ఆ మనిషి పెన్ను తీసి అన్నీ రాసుకున్నాడు. "ఇంకా ఏమన్నా ఉన్నాయామ్మా?" అని మర్యాదగా అడిగాడు కూడా. బిందు మళ్ళీ చీపురు పట్టుకుంటే, అతను ఒక్కడే లోపలికీ పక్కింటికీ వెళ్ళి తిరిగొచ్చాడు.

రాఘవులు తన అతిథితో గేటు తీసేసరికి వాళ్ళిద్దరూ వరండాలో ఉన్నారు. "బిందూ, బ్యాంకు సారొచ్చిండు" అన్నాడు రాఘవులు.

హెల్మెట్ మనిషి ఇటు తిరిగాడు. "బ్యాంకు నుంచి వచ్చింది నేనండీ. ప్రవీణ్‌కుమార్."

"నేను సోమారు" అన్నాడు బజ్జీలు తిన్నాయన. "మాది కోంటా. తునికాకు యాపారం. ఇల్లు కొననీకి వచ్చిన."

రాఘవులు, బిందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బిందు తేరుకుంది. "సార్, నేను చెప్పినయన్నీ అబద్ధాలే. మీరే ఆ పార్టీ అనుకున్న. కొట్టెయ్యుండ్రి."

"ఎలా కొట్టేయనమ్మా?" అన్నాడు ప్రవీణ్‌కుమార్. "కుళాయి తిప్పితే నీళ్ళు ఎర్రగానే వచ్చాయి. లోపల కొత్త సున్నం గీకితే స్లాబంతా చెమ్మ. పక్కాయన్ని అడిగితే పట్టా తెచ్చి చూపించాడు, గోడ మూడడుగులు ఆయన స్థలంలోనే ఉంది. కొనేవాళ్ళు ఇంత నిజాయితీగా చెప్పడం నేనెక్కడా చూళ్ళేదు."

రాఘవులు మనసు ఒప్పక సోమారు దగ్గరికి వెళ్ళాడు. "పెద్దాయనా, నేను చెప్పింది కూడా అబద్ధమే. ఆ స్లాబు నేను ఎక్కి సూడనే లేదు."

సోమారు నవ్వాడు. "మీరు ముగ్గురు ఒక్కటే. నన్ను ఎల్లగొట్టనీకి ఇల్లు బాగలేదంటున్నరు. టీకొట్టు కాడ నువ్వు నిజం జెప్పినవ్, ఇప్పుడు మాట మారుస్తున్నవ్."

సోమారు అప్పుడే వచ్చిన దేవేంద్రతో రెండు లక్షలు ఎక్కువకే బేరం ఒప్పుకుని, అతని చేతిలో బయానా డబ్బు పెట్టేశాడు. పోతూ పోతూ రాఘవులు జేబులో కొన్ని నోట్లు కుక్కాడు. "నీ దలాలీ. ఏమన్న అను, ఇల్లు సూపిచ్చుడు నీకొచ్చు."

రాఘవులు గేటు బయట గట్టు మీద కూలబడ్డాడు. నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది. ప్రవీణ్‌కుమార్ బైకు తీస్తూ అతని దగ్గర ఆగాడు.

"ఈ ఇంటికైతే లోను రాదండీ. కానీ మీ కాగితాలు బాగున్నాయి, ఇంకో ఇల్లు చూసుకుంటే అదే ఫైలు నడుస్తుంది. ఈసారి ముందు మీ ఆవిణ్ణి పంపండి."

ఇద్దరూ నడుచుకుంటూ అద్దె ఇంటికి బయలుదేరారు. సగం దారిలో ఫోన్ మోగింది. ఎవరో కొత్త మనిషి, ఇల్లు కొనాలట. దేవేంద్ర నంబరిచ్చాడట, ఇళ్ళు బాగా చూపిస్తారని చెప్పాడట. రాంగ్ నంబరని రాఘవులు నోరు తెరవబోతుంటే, బిందు ఫోన్ లాక్కుంది.

"ఎంతల సూస్తున్నరు?" అని అడిగింది.