కొండకు చుట్టాలు

తుఫాను తీరం దాటబోతోందని హెచ్చరిక రాగానే రెవెన్యూవాళ్ళు గుమ్మడికొండను హైస్కూల్లోని పునరావాస కేంద్రానికి తరలించారు. తొమ్మిదో తరగతి గది ఇచ్చారు. అంత కొండ గదిలో ఎలా పట్టిందని ఎవరూ అడగలేదు. కష్టకాలంలో ఎవరైనా సర్దుకోవాల్సిందే, అదీ సర్దుకుంది. శిఖరం ఫ్యానుకు తగులుతుంటే కాస్త తల వంచుకుంది.

అందరికంటే పెద్ద దెబ్బ టైలరు పైడమ్మకి తగిలింది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటినుంచీ ఆ కొండ ఎక్కాలని ఆవిడ కోరిక. ఎండలు తగ్గాక వెళ్దామన్నాడు మొగుడు గవర్రాజు. ఎండలు తగ్గితే వానలు వెలిశాక అన్నాడు. వానలు వెలిస్తే మంచు విడిచాక అన్నాడు. మంచి మనిషే, కాకపోతే తుమ్మడానికి కూడా వర్జ్యం చూసుకునే రకం. చివరికి ఈ ఆదివారం ఖాయం చేసుకున్నారు. వచ్చే నెల పైడమ్మకి మోకాలి ఆపరేషను, ఆ తర్వాత కొండల మాటెత్తొద్దని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ కాన్వాసు బూట్లు కొనుక్కుని, అలవాటు కావాలని వాటితోనే మిషను తొక్కింది. తీరా చూస్తే కొండే లేదు.

అయినా ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుని హోరువానలో స్కూలుకి బయల్దేరింది. వెనకాల గొడుగు పట్టుకుని గవర్రాజు. వరండాలో వీఆర్వో జగ్గారావు పులిహోర పొట్లాలు పంచుతున్నాడు.

"బాబూ, గుమ్మడికొండ ఇక్కడే ఉందంట గదా?" అంది పైడమ్మ.

"నైన్త్ క్లాసులో ఉందమ్మా. పొట్లం ఇచ్చాం, ముట్టుకోలేదు."

"ఓపాలి ఎక్కీసి ఎలిపోతాను."

"బాధితుల మీదికి ఎక్కడానికి రూల్సు ఒప్పుకోవమ్మా. అధికారులైతే తప్ప."

పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మరి సుట్టాలొస్తే?"

"చుట్టాలైతే కావలసినంతసేపు ఉండొచ్చు. దీనికి ఇంకా ఎవరూ రాలేదు."

"నానొచ్చాను గదా. ముప్పయ్యేళ్ళుగా పొద్దున్న నెగిస్తే దాని మొకమే సూస్తన్నాను. మా అత్తని కూడా అన్నాళ్ళు సూడనేదు."

జగ్గారావు ఆలోచించాడు. ఇంతకంటే గట్టి చుట్టరికం తన పెళ్ళికొచ్చినవాళ్ళలో కూడా ఎవరికీ లేదనిపించి, పంపించాడు.

బాట బెంచీల పక్కనుంచి మొదలైంది. మబ్బులు అలవాటు చొప్పున కిటికీలోంచి వచ్చి కొండను ఆనుకుని కురుస్తున్నాయి. సగం దూరం వెళ్ళేసరికి మోకాలు మొరాయించింది. వాన వెలిశాక వద్దామా అనబోయిన గవర్రాజు పెళ్ళాం మొహం చూసి ఆ మాట మింగేశాడు. గొడుగు మూసి చెయ్యి అందించాడు. పైనుంచి సముద్రం కనిపించింది. ఊరు కనిపించింది, తమ మేడ మీద ఆరేసి మరిచిపోయిన దుప్పటితో సహా. పైడమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకున్నాక, కొండ ఖాళీ చేసిన జాగా కూడా కనిపించింది. అక్కడ వానకోట్లు తొడుక్కున్న మనుషులు ఇళ్ళ ప్లాట్లకు రాళ్ళు పాతుతున్నారు.

తుఫాను వెళ్ళిపోయింది. ఎవరివాళ్ళను వాళ్ళొచ్చి ఇంటికి తీసుకెళ్ళాలి. అడిగే దిక్కు లేకపోతే వాళ్ళ జాగా ఖాళీ కిందే లెక్క. ఇది కొండల కోసం పెట్టిన రూలేమీ కాదు, మనుషులకు ఎప్పటినుంచో ఉన్నదే.

జగ్గారావు కొండ పేరు పిలిచాడు. "తీసుకెళ్ళేవాళ్ళెవరు?"

"మేవే," అన్నాడు గవర్రాజు, పైడమ్మ నోరు తెరిచేలోపే.

ముగ్గురూ దారిపట్టారు. కొండకి నడక అలవాటు లేదు, పైడమ్మకి మోకాలు సాగదు, అందుకని జోడీ బాగానే కుదిరింది. జాగా దగ్గర రాళ్ళు పాతేవాళ్ళు పని ఆపి, ఇంకో రెండు వరసలు మిగిలాయి, అవి అయ్యాక రండి అన్నారు. మర్యాదగానే అన్నారు. కొండ సరేనని వెనక్కి తిరగబోయింది. ఈ ముప్పయ్యేళ్ళలో తను ఎన్నిసార్లు అలాగే వెనక్కి తిరిగిందో పైడమ్మకి గుర్తొచ్చింది.

"కూకో," అంది.

కొండ రాళ్ళ మీదే కూర్చుంది.