అరవై నాలుగు ఎంబీల పసుపు

శుక్రవారం పొద్దున్న గోపీనాథ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికి కూతురు విద్య పన్నెండు లైన్ల ఉత్తరం ప్రింట్ తీసి సంతకం పెడుతుంది. తొమ్మిదింబావుకి ఆయన పెసరట్టు తింటాడు. పదికల్లా ఇద్దరూ కొండ దిగి ఆ కాగితాన్ని కౌంటీ ఆఫీసు కౌంటర్‌లో ఇచ్చేస్తారు.

విద్య స్ట్రక్చరల్ ఇంజనీరు. ఉద్యోగం మానేసి ఆల్ఫారెట్టా నగరంలో సొంత ఆఫీసు పెట్టాక దొరికిన మొదటి పని ఇది. కొండ కింది ఊళ్ళో సుధ అనే ఆవిడ తెరవబోతున్న టిఫిన్ హోటల్ పైకప్పు గట్టిగా ఉందని ధ్రువీకరించాలి. సిరా సంతకంతో ఆ కాగితం పన్నెండులోపు చేరకపోతే రేపటి ప్రారంభోత్సవం ఆగిపోతుంది. విద్య మొదటి క్లయింటే చివరి క్లయింటు కూడా అవుతుంది.

ఉత్తరం ఉన్నది ఆల్ఫారెట్టా ఆఫీసు కంప్యూటర్‌లో. విద్య కొండమీద అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని, ఆ కంప్యూటర్‌ని తన ల్యాప్‌టాప్ తెర మీద తెరిచి పనిచేస్తోంది. ప్రింట్ నొక్కితే పేజీ అక్కణ్ణుంచి పాతకాలపు ఫోన్ లైన్ ఇంటర్నెట్‌లోంచి కొండెక్కి రావాలి. నొక్కింది. పక్కనున్న ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి రిటైరైన గోపీనాథ్‌కి ఒక ప్రింటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం అవమానంగా తోచింది. తనే మరో రెండుసార్లు నొక్కాడు.

"నాన్నా, డోంట్! ఇప్పుడు మూడు జాబ్స్ క్యూలో పడ్డాయి. లైన్ అసలే స్లో!"

"పన్నెండు లైన్లకి స్లో ఏంటమ్మా? బిల్లు పంపడంలో ఈ ఫోన్ కంపెనీవాళ్ళు ఎప్పుడైనా స్లోగా ఉన్నారా?"

లైన్‌ని ఇంకెవరు వాడుతున్నారా అని ఇల్లంతా గాలించాడు. భార్య భానుమతి పడగ్గదిలో ముప్పై మంది ఆడవాళ్ళతో వీడియోలో లలితా పారాయణం చేస్తోంది. "ఇక్కడ కొంప మునుగుతుంటే ఇదా!" అని అరిచి ఆమె ఫోన్ కట్టేశాడు. అవతలి ముప్పై మందికి వినిపించిన ఆఖరి మాటలు అవే. ఏ ప్రమాదం జరిగిందోనని ఒకరి తర్వాత ఒకరు గోపీనాథ్‌కే వీడియో కాల్ చేయడం మొదలుపెట్టారు.

"మీరు చేసిన దానికి మీరే చెప్పుకోండి!" అంది భానుమతి, ముఖం కందగడ్డ చేసుకుని. ఆయన పదకొండు మందికి చెప్పుకున్నాడు. ఆ కాల్సన్నీ వచ్చింది ఇదే లైన్‌లో. ఒళ్ళు మండి మోడెమ్ వైరు పీకేశాడు. మళ్ళీ పెట్టేసరికి, అప్పటిదాకా ఎనభై శాతం వచ్చిన ప్రింటు కాస్తా మొదటికొచ్చింది.

పదకొండు దాటింది. విద్యకి ఏడుపొక్కటే తక్కువ. ఇంటి ఫోన్ నుంచి, తన ఆఫీసు కంప్యూటర్లు చూసే రోహన్‌కి కాల్ చేసి స్పీకర్లో పెట్టింది.

"కలర్ తీసేయ్, డ్రాఫ్ట్ క్వాలిటీ పెట్టు," అన్నాడు రోహన్. "వెయిట్, ఈ జాబ్ సిక్స్టీఫోర్ ఎంబీ ఉంది. ట్వెల్వ్ లైన్సేగా? ఒకసారి టెక్స్ట్ అంతా డిలీట్ చేసి చూస్తా."

టెక్స్ట్ పోయింది. అరవై నాలుగు అరవై నాలుగుగానే ఉంది.

"అంకుల్, ఈ లెటర్‌హెడ్ మీరే చేశారంటగా? ఖాళీ పేపర్ ఇంత బరువేంటి?"

"ఖాళీ అంటావేంటయ్యా! నాలుగు మూలలా పసుపుంది!"

శుభకార్యానికి కాగితం బోసిగా వెళ్ళకూడదని, గోపీనాథ్ తెల్ల కాగితం నాలుగు మూలలా పసుపు రాసి, దాన్నే స్కాన్ చేసి లెటర్‌హెడ్‌గా పెట్టాడు. తక్కువ క్వాలిటీలో పసుపు పాలిపోయినట్టు కనిపించిందట, అందుకని స్కానర్‌లో ఎంత ఎక్కువ ఉంటే అంత పెట్టాడు. విద్య రాసే ప్రతి ఉత్తరమూ ఈ బొమ్మను మోసుకునే బయల్దేరుతోంది.

 విద్య క్యూ మొత్తం క్యాన్సిల్ చేసి, పోయిన టెక్స్ట్ వెనక్కి తెచ్చి, బొమ్మ తీసేసి, పేరూ అడ్రసూ అక్షరాల్లో టైపు చేసి, నలుపు తెలుపులో ప్రింట్ నొక్కింది. నాలుగు సెకన్లలో కాగితం చేతికొచ్చింది.

"మొదటి పనికి ఇంత బోసిగానా?" అని గోపీనాథ్ వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చాడు. కూతురు సంతకం పెట్టడమే ఆలస్యం, వద్దనేలోపే నాలుగు మూలలా తడి పసుపు రాసేశాడు.

కౌంటీ ఆఫీసు చేరేసరికి పదకొండూ యాభై నాలుగు. కౌంటర్లో ఆవిడ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"సారీ సర్, దీనిమీద ఏదో ఒలికింది. మరకలున్నది తీసుకోం. క్లీన్ కాపీ కావాలి."

"మరకా? దిస్ ఈజ్ పసుపు, మేడమ్! ఒలకలేదు, ఆన్ పర్పస్ రాశాను!" గోపీనాథ్ గొంతుకి వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా తలెత్తారు. పసుపు విశిష్టత మీద ఉపన్యాసం మొదలైంది. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.

విద్య ఫైల్ తెరిచి, సంతకం చేసిన తెల్లటి కాగితం ఇంకొకటి తీసి కౌంటర్ మీద పెట్టింది. స్టాంపు పడింది.

కారెక్కాక గోపీనాథ్ ఉండబట్టలేక అడిగాడు. "రెండోది ఎప్పుడు తీశావమ్మా?"

"నువ్వు పసుపు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళావు కదా నాన్నా, అప్పుడు."

ఇల్లు చేరేదాకా ఆయనకి తిట్టడానికి ఎవరూ దొరకలేదు.