తల ఊడని గాలం

నవ్వకండి. మూతి వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదని నాకూ తెలుసు. ముందు జరిగింది వినండి, తర్వాత తప్పెవరిదో మీరే తేల్చండి. నాది కాదని మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను.

బారువ దగ్గర మా ఊళ్ళో ‘ఈకల తవిటయ్య’ అంటే తెలియనివాళ్ళు లేరు. గాలానికి తెల్లకోడి ఈకలు కట్టి పడవ వెనకాల నీళ్ళలో లాక్కెళితే, వంజరం దాన్ని చిన్నచేప అనుకుని మింగేస్తుంది. ఆ ఈకలు కట్టే పని ఇరవై ఏళ్ళుగా నాది. అందుకే మా బామ్మర్ది ఢిల్లీబాబు పడవలో వెనక పీట కూడా నాదే.

ఒక్కటే చిక్కు. ఈకలు కట్టడం నాకు వచ్చు. ముగించడం రాదు.

తాడు కట్టే రంధ్రం, అదే గాలం కంటి దగ్గర దారం చుట్టలన్నీ వచ్చి ఆగేచోటును ‘తల’ అంటాం. దారం కొసను ఆ చుట్టల కిందికే దూర్చి, బిగించి లాగి, పైన గట్టిపడే పూత ఏదైనా వేస్తేనే తల నిలుస్తుంది. నేను అక్కడిదాకా వచ్చేసరికి రెండు ముళ్ళు వేసి ‘చాల్లే’ అంటాను. సముద్రం చాలదంటుంది.

కిందటి వారం నాలుగు తలలు ఊడిపోయాయి. ఈకలు ఒకవైపు, గాలాలు ఒకవైపు. వంజరం ఆ బోడి ఇనుమును చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఒడ్డుకు రాగానే ఢిల్లీబాబు తేల్చేశాడు. “బావా, వొచ్చే ఆదివారం ఒక్క తల ఊడినా నువ్వు మరి పడవెక్కొద్దు. ఒడ్డునే కూసోని ఎండుసేపల మీద కాకుల్ని తోలుకో. నీ పీట మీద యువరాజు కూసుంటాడు.”

ఈ యువరాజుకు యాభై అయిదేళ్ళు. పళ్ళు ఆరో ఏడో ఉంటాయి. అతని ఈకలు నా ఈకల్లో సగం అందం కూడా ఉండవు. తలలు మాత్రం ఊడవు.

ఇంటికెళ్ళి మా ఆవిడ యామినికి చెప్పాను. ఆమె కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి పనికి వెళ్తుంది. పప్పు విరక్కుండా పొట్టు తీసే చెయ్యి. అది పప్పులకే పరిమితమైతే బాగుండేది.

“నా గోళ్ళరంగు రెండు పూతలు ఎయ్యి మావా, రాయిలాగుంటాది. పోనీ నన్ను కట్టీమంటావా?”

“ఆడది తల కట్టిన గాలానికి సేప తగల్దు. మా వంశంలో మాట.”

“ఎవులన్నారు?”

“మా తాత.”

“మీ తాతకి గాలాలు కట్టింది మీ నాయనమ్మేనంట కదా? మా అత్తే సెప్పింది.”

“అందుకే ఆయనకి సేపలు పడ్లేదు.”

“పడకుండానే పదకొండుమంది పిల్లల్ని మేపాడా?”

వాదనలో ఓడిపోతున్నప్పుడు మగవాడికి మిగిలేది శపథం. “నీ సేత్తో ముగించిన గాలం సచ్చినా ముట్టను!” అన్నాను, వీధికి వినపడేలా.

“సరే, ముట్టకు,” అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఇంత తొందరగా ఒప్పుకున్న ప్రతిసారీ నాకేదో ఒకటి జరిగింది. అయినా నేను వెనక్కి తగ్గే రకం కాదు.

బుధవారం నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. జీడినూనె! జీడిపిక్క తొక్కలోంచి తీసే నల్లటి నూనె. మా తాత పడవ అడుగుకు పూసేవాడు. పడవనే కాపాడిన నూనె వేలెడు గాలాన్ని కాపాడదా? గోళ్ళరంగట, గోళ్ళరంగు!

కాశీబుగ్గలో నూనె తీసేచోట పనిచేసే ధీరజ్ ఒక చిన్న సీసా నింపి ఇచ్చాడు.

“బాబాయ్, జాగర్త. అంటుకుంటే బొబ్బలెక్కుతాది. ముందర సేతులకి ఆముదం రాసుకో.”

“నాకు సెప్తన్నావేటి? నా పెళ్ళాం పనిసేసేదే పిక్కల్లో!” అన్నాను. పెళ్ళాం నర్సు అయితే మొగుడు ఆపరేషన్ చేసేస్తాడన్నమాట.

గురువారం ఆమె పనికి వెళ్ళగానే తలుపేసుకుని కూర్చున్నాను. ధీరజ్ చెప్పినట్టే మోచేతుల దాకా ఆముదం. పన్నెండు గాలాలకు ఈకలు కట్టాను. తలలకు జీడినూనె పూశాను. నల్లగా నిగనిగలాడిపోతున్నాయి. ఈకలు వెనక్కి వాలాలంటే ఒక్కొక్క గాలాన్ని పెదవుల మధ్య పెట్టి ఒక్క దువ్వు దువ్వాలి. ఇరవై ఏళ్ళ అలవాటు. దువ్వాను. పన్నెండుసార్లు.

చేతులకు ఆముదం రాసుకోమన్నాడు గానీ, మూతికి రాసుకోమని ధీరజ్ చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?

శుక్రవారం పొద్దున్న అద్దంలో నాకు బదులు లావు పెదవుల గొరక చేప ఒకటి కనిపించింది. పై పెదవి ముక్కును తాకుతోంది. కింది పెదవి దాని దారి అది చూసుకుంది. ప, బ, మ పలకడం కుదరడం లేదు. మా ఆవిడ పేరులో ‘మి’ ఉంది. చచ్చాను.

“ఏటయింది మావా, మూతికి?”

“కందిరీగ,” అన్నాను. అందులో పెదవులు కలిపే అక్షరం లేదు, అందుకే కందిరీగను ఎంచుకున్నాను.

ఆమె దగ్గరికొచ్చి చూసింది. రోజూ ఆ బొబ్బల మధ్యే పనిచేసే మనిషి. ఒక్క క్షణం చూసింది, అంతే.

“కందిరీగేనా?”

“కందిరీగే.”

“నిజిం సెప్పు. వేరేదైతే వేరే మందు.”

“కందిరీగే!”

“అయితే ఉల్లిపాయ రసం రుద్దాల,” అంది.

పెద్ద ఉల్లిపాయను రెండు ముక్కలు చేసి తెచ్చింది. ఇక్కడ ఎవరైనా నిజం ఒప్పేసుకుంటారు. నేను తవిటయ్యను. మూతి చాచాను. ఆమె రుద్దింది. మా ఇంటి కప్పు రెండుగా, తర్వాత నాలుగుగా కనిపించింది.

“ఎలాగుంది?”

“హాయిగా ఉంది,” అన్నాను, కన్నీళ్ళు కారుతుండగా.

“అయితే సాయంత్రం మళ్ళీ రుద్దుతాను.”

రుద్దింది.

శనివారం నాటికి అసలు సమస్య బయటపడింది. జీడినూనె ఆరలేదు. తలలు బంకలా సాగుతున్నాయి. ఇసక అంటుకుంది, రెండు చీమలు అంటుకున్నాయి, ఒక గాలం గోడ మీది క్యాలెండర్‌ను పట్టుకుని వదలనంది. తెల్లారితే పడవ. ఎలాగైనా ఆరబెట్టాలి.

పొయ్యిలో నిప్పుల మీద రేకు పెట్టి, దాని మీద గాలాలు పరిచాను.

జీడినూనెను వేడి చేస్తే వచ్చే పొగ ఎలా ఉంటుందో కాశీబుగ్గలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ముందు నేను దగ్గాను. తర్వాత మా కుక్క దగ్గింది. ఆ తర్వాత వీధి వీధంతా దగ్గింది. పక్కింటి పెద్దతల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి తలుపు బాదింది.

“ఒరే తవిటిగా! నిప్పు ఇంటికెట్టావా, నీ బుర్రకెట్టావా?”

“వంట!” అన్నాను లోపల్నించి.

“దేన్నిరా వండతన్నావు, దెయ్యాన్నా?”

పొగ తగ్గాక చూశాను. పన్నెండు నల్లటి ఇనుప కొక్కేలు. ఒక్క ఈక లేదు. కోడిని పట్టి మళ్ళీ కట్టే వేళ కాదు. వెనక పీట మీద కూర్చుని ఏడు పళ్ళతో నవ్వుతున్న యువరాజు కళ్ళముందు కదిలాడు.

ఇంట్లో ఈకలు కట్టిన పాత గాలాలు కొన్ని ఉన్నాయి. కనీసం వాటికైనా గట్టి పూత వేయాలి. గోళ్ళరంగు మా ఆవిడ ఇనప్పెట్టెలో ఉంటుంది. ఆమె ముగించిన గాలం ముట్టనని శపథం చేశాను గానీ, రంగు ముట్టనని అనలేదు కదా? వెళ్ళి చూస్తే పెట్టెకు తాళం. ఎన్నడూ వేయనిది, కొత్త తాళం!

ఓహో, నా మీదే తాళమా? పౌరుషం పొంగింది. సుత్తి తెచ్చి ఒక్కటి వేశాను. ఊడింది.

లోపల చీరల మీద గోళ్ళరంగు సీసా ఉంది, ఖాళీగా. దాని పక్కనే ఒక అట్టముక్క. అట్టముక్కకు గుచ్చి పన్నెండు ఈకల గాలాలు. ఒక్కొక్క తలా బియ్యపుగింజంత, ఎర్రగా, అద్దంలా ఉంది. దారం కొస ఎక్కడ ముగిసిందో వేలితో తడిమినా తెలియడం లేదు. గాలం కళ్ళలో పూత పేరుకోకుండా సూదితో శుభ్రం చేసి ఉంది. ఇరవై ఏళ్ళలో అలాంటి తల నేను ఒక్కటీ కట్టలేదు. ఈ మాట మీలోనే ఉండాలి.

గాలాలు ముట్టనన్నాను. ముట్టలేదు. అట్టముక్కను పట్టుకుని చొక్కాలో దాచాను.

ఆదివారానికి వాపు కాస్త తగ్గి ప, బ, మ తిరిగొచ్చాయి. ఆ రోజు ఏడు వంజరాలు పడ్డాయి. ఆఖరిది పడవంతా ఊగేలా గుంజింది. పన్నెండు తలల్లో ఒక్కటీ కదల్లేదు.

ఒడ్డుకు రాగానే గాలాలు పైకెత్తి చూపించాను. “ఏరా, ఎవుడన్నాడ్రా నా తలలు ఊడతాయని?”

యువరాజు ఒకటి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. “బాగుందిరా. ఏటి పూత?”

“అది మా వంశ రహస్యం.”

అప్పుడు ఢిల్లీబాబు చేపలు దించడం ఆపి నవ్వడం మొదలుపెట్టాడు. “బావా, ఆ రహస్యం నాకు శుక్రవారమే తెలుసు. ఆ గాలాలు నాకిచ్చీ, బావకి నానిత్తాను అని అక్కనడిగాను. ‘సేతికిత్తే మీ బావ ముట్టడు. పెట్టిలో పెట్టి తాళం ఏత్తే, సుత్తెట్టి ఇరగ్గొట్టయినా అట్టుకుపోతాడు’ అంది. తాళం నానే కొన్నాను, మందసలో. ఒక్క దెబ్బకి ఊడీ రకం సూసి మరీ.”

ఒడ్డంతా నవ్వింది. యువరాజయితే ఇసకలో కూలబడి నవ్వాడు.

“నేను ముట్టింది అట్టముక్కనే,” అన్నాను. నా మాట ఎవరూ వినలేదు.

గంప పట్టుకుని వచ్చిన యామిని మాత్రం నవ్వలేదు. పెద్ద వంజరాన్ని తోక పట్టుకుని ఎత్తి గంపలో వేసుకుంది.

“ఏటి మావా, పీట ఉన్నాదా, పోనాదా?”

“ఉన్నాది,” అన్నాను, ఇసక వైపు చూస్తూ.

“మరింకేటి,” అని గంప తల మీదికెత్తుకుంది.

శపథం శపథమే. దాన్ని నేను వెనక్కి తీసుకోలేదు, తీసుకోను కూడా. ఈ సాయంత్రం ఇంటికెళ్ళి చూస్తే పెట్టెకు మళ్ళీ కొత్త తాళం. లోపలేముందని అడిగితే “నీకెందుకు?” అంది.

సరే, చీకటి పడేలోగా నేను బయల్దేరతాను. సుత్తి ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు.