లిఫ్టుకు కావలసిన గొంతు

ఆ శనివారం పొద్దున కోడలి పథకం చాలా చిన్నది. అత్తగారు హాల్లో బఠాణీలు ఒలుస్తూ కూర్చోగానే పడకగదిలో ల్యాప్‌టాప్ తెరవాలి, మూడు వాక్యాలు చదివి రికార్డు చేయాలి, పంపేయాలి, ఆ తర్వాత వంట మొదలుపెట్టాలి. ఊళ్ళో లిఫ్టులు బిగించే కంపెనీ ఒకటి లిఫ్టులో మాట్లాడే గొంతు కావాలని ప్రకటన ఇచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటితే తీసుకోరట.

ఆమె ఇన్సూరెన్సు ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగి. మీ పాలసీ రద్దయిందండీ అని చెప్పినా అవతలివాళ్ళు మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అని అడిగేంత కమ్మని గొంతు. అదే గొంతు ఇంటి గుమ్మం లోపల చెల్లని కాసు. టీవీ తగ్గించమంటే తగ్గించేవారు లేరు, తడికాళ్ళతో రావద్దంటే ఆగేవారు లేరు. అత్తగారు ఒక్క దగ్గు దగ్గితే ఇల్లంతా సర్దుకుంటుంది. అందుకే ప్రకటన చూడగానే ఆమె మనసు గాలిపటమైంది. ఇంట్లో వినకపోతే పీడా పోయె, ఇక ఊళ్ళో లిఫ్టెక్కిన ప్రతివాడూ తన మాట విని తీరాలి!

"తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి దూరంగా నిలబడండి. మూడవ అంతస్తు." తేనె పూసి మరీ చదివింది. వెనక్కి తిప్పి పెట్టుకుని వింది. నూతిలో పడ్డ మనిషి పైకి లాగమని బతిమాలుతున్నట్టుంది. పైగా ఆ నూతి గట్టు మీద ఎవరో కూర్చుని బుసబుసా ఊపిరి తీస్తున్నారు. మధ్యమధ్య టప్పు టప్పుమని ఏదో పగులుతోంది.

మొగుణ్ణి పిలవక తప్పలేదు. ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. ఆయనకు తెలియని యంత్రం లేదు, ఆయన చేతిలో బాగుపడిన యంత్రమూ లేదు. మాస్టారు కళ్ళు మూసుకుని రికార్డింగు విని, ఆ బుస ఫ్యానుదని తేల్చేశారు. ఫ్యాను ఆపారు. బుస అలాగే ఉంది. అయితే ఫ్రిజ్జన్నారు. ఫ్రిజ్జు ఆపితే పాలు విరిగాయి గానీ బుస ఆగలేదు. గోడలకు తగిలి గొంతు ప్రతిధ్వనిస్తోందని చివరికి కనిపెట్టి, పరుపు లేపి కిటికీకి ఆనించారు, తలుపులకు దుప్పట్లు వేలాడదీశారు. చెమటతో ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. గొంతు మాత్రం నూతిలోంచి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

"అల్మరాలో కూర్చుని చదువు," అన్నారు మాస్టారు. "నాలుగు వైపులా చెక్క. ఇంక చప్పుడన్నది లోపలికి రాదు."

"నేను మనిషినండీ, మడతపెట్టిన చీరను కాదు," అంది కోడలు. కానీ గడియారం చూస్తే పదకొండు దాటింది. ఇక అల్మరా ఖాళీ చేసింది. బట్టలన్నీ దుప్పట్లలో మూటలు కట్టి మాస్టారు మెట్ల మీద పెట్టారు.

ఆ మూటలు కింది వాటా ఆవిడ కంటపడ్డాయి. తలెత్తి చూస్తే కిటికీకి నిలబెట్టిన పరుపు కనబడింది. ఆవిడ రెండేసి మెట్లు ఎక్కి వచ్చి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా పిన్నిగారూ అని అత్తగారిని అడిగింది. చెవుల్లోకి గాలి దూరితే తలనొప్పి వస్తుందని అత్తగారు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చెవులు బిగించుకుని ఉంటారు. వినబడని ప్రశ్నకు తల ఊపడమే మర్యాద అని ఆవిడ నమ్మకం. నిండుగా ఊపారు. కింది వాటా ఆవిడకు ఆ పై వాటా మీద తన మరదలి కోసం ఎప్పటినుంచో కన్ను. వెంటనే ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయనకు ఫోను చేసింది.

ఇక్కడ కోడలు మోకాళ్ళు గడ్డానికి ఆనించి అల్మరాలో సర్దుకుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్, నోట్లో టార్చిలైటు. మాస్టారు చెయ్యి లోపలికి పెట్టి రికార్డింగు మొదలుపెట్టారు గానీ తలుపు మూతపడటం లేదు. ఆ తంటాలు కంటపడి అత్తగారు బఠాణీల గిన్నెతో సహా వచ్చారు. కోడలు అల్మరాలో ఎందుకుందని ఆవిడ అడగలేదు. కాపురమన్నాక సవాలక్ష ఉంటాయి. గిన్నె చంకలో పెట్టుకుని తలుపు మీద చెయ్యి వేశారు.

"చెయ్యి లోపల పెట్టుకో తల్లీ, తలుపు వేస్తున్నా. కంగారు పడకు, నేనిక్కడే ఉన్నాను."

తలుపు పడింది. చీకట్లో కోడలు టార్చి తీసి ఊపిరి పీల్చుకుని చదవసాగింది. సరిగ్గా అప్పుడే ఇంటాయన, కింది వాటా ఆవిడ, ఆవిడ మరదలు, మరదలి మొగుడు వరసగా పడకగదిలోకి వచ్చారు. మాస్టారు మూతి మీద వేలు పెట్టి అందరినీ గదమాయించబోయారు. ఇల్లు చూపించే ఉత్సాహంలో ఇంటాయనకు ఆయన కనబడనే లేదు. అల్మరా ఎంత విశాలమో చూడండమ్మా అంటూ తలుపు లాగేశాడు.

"మూడవ అంతస్తు," అంది లోపలినుంచి ఒక తీయని గొంతు.

మరదలు భయపడలేదు. ఇంటాయన వైపు తిరిగి, "రెండంతస్తులే అన్నారు కదండీ," అంది.

ఆ తర్వాత జరిగిన రభస ఇంతా అంతా కాదు. తనకు చెప్పకుండా ఖాళీ చేయడమేమిటని ఇంటాయన, అడగకుండా పడకగదిలోకి రావడమేమిటని మాస్టారు అరుచుకున్నారు. కింది వాటా ఆవిడ అత్తగారిని సాక్ష్యం అడిగితే ఆవిడ మళ్ళీ తల ఊపారు. అందరినీ సాగనంపేసరికి పన్నెండు కావస్తోంది. తిరిగి వినే వ్యవధి లేక మాస్టారు ఉన్నదున్నట్టు పంపేశారు.

పంపాక విన్నారు. బుస, టప్పు, ఆపైన గుడిగంటలా స్పష్టంగా అత్తగారి గొంతు. ఆ వెనక ఎక్కడో పాతాళంలో కోడలి మూడు వాక్యాలు. మాస్టారు అయోమయంగా తెర మీద వెతికి, మెల్లగా తల తిప్పి తల్లి చెవుల వైపు చూశారు. గాలి దూరకుండా ఆవిడ దూదికి బదులు పెట్టుకున్నవి కోడలి వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు. ల్యాప్‌టాప్ పొద్దుణ్ణించీ తన మైకు వదిలేసి, అత్తగారి చెవి దగ్గరి మైకుతోనే రికార్డు చేస్తోంది.

"దూది రాలిపోతుందిరా. ఇవి చక్కగా పట్టుకుంటాయి," అన్నారు అత్తగారు.

కోడలు గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఉన్న ఒక్క అవకాశం బఠాణీల పాలైంది.

సోమవారం కంపెనీ నుంచి ఫోను వచ్చింది. చివర ఎవరో అమ్మాయి ఏదో చదివింది గానీ వినబడలేదట. దాని ముందు మాట్లాడిన పెద్దావిడే కావాలట. లిఫ్టంటే భయపడేవాళ్ళకి ఆ గొంతు వింటే ధైర్యం వస్తుందని, ఆఫీసులో వాళ్ళంతా పదేపదే పెట్టుకుని విన్నారని అతను ఒకటే పొగిడాడు.

అలాంటివారెవరూ లేరు అనేద్దామని కోడలికి నోటి చివరిదాకా వచ్చింది. హాల్లో అత్తగారు తన మానాన తాను బఠాణీలు ఒలుచుకుంటున్నారు. కోడలికి ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. వెళ్ళి ఆవిడ చెవిలోంచి ఇయర్‌ఫోను పీకి, అక్కడ ఫోను ఆనించింది.

"మీకేనండీ అత్తయ్యా, ఉద్యోగం."

వానాకాలం వెళ్ళేసరికి ఆ లిఫ్టులు ఊరంతా వచ్చేశాయి. ఇన్సూరెన్సు ఆఫీసుకూ వచ్చింది. మొదటిరోజు కోడలు మేనేజరుతో సహా నలుగురితో లోపలికి ఎక్కింది. చెయ్యి లోపల పెట్టుకో తల్లీ, తలుపు వేస్తున్నా అని పైనుంచి వినబడగానే మేనేజరు బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. అందరూ సర్దుకుని నిలబడ్డారు. ఇంట్లోనయితే విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ వంటిల్లు లేదు.

మెట్లెక్కడం ఆరోగ్యానికి చాలా మంచిదని ఆమె ఆ మర్నాటి నుంచి అందరికీ చెబుతోంది.