ఆవిరి యంత్రంలో అన్నం డబ్బా

ఆ ఉదయం కూడా పరికరాల గది పెద్దక్క బోర్డు మీద రాసేసింది: ఎనిమిదింటికి గొంతు ఆపరేషన్ సెట్టు, పదింటికి మోకాలి సెట్టు. ఆసుపత్రిలో ఏ కత్తి, ఏ కత్తెర ఏ గంటకు ఆవిరి యంత్రంలోకి వెళ్లి శుద్ధి కావాలో చెప్పేది ఆమే. పదకొండేళ్లలో ఆమె వల్ల ఒక్క ఆపరేషనూ ఆగలేదు. భర్తతో మాటలు మాత్రం మూడు రోజులుగా ఆగిపోయాయి. "నాకంటే ఆ యంత్రమే నీకెక్కువ" అన్నాడాయన. ముందు తాను మాట్లాడకూడదని ఇద్దరూ పంతం పట్టారు.

ఆయన దర్జీ. పంతం చెడకుండానే వంట చేశాడు. అన్నం డబ్బాను దుకాణంలో మిగిలిన ఆకుపచ్చ గుడ్డలో పొందిగ్గా చుట్టి, ఆమె సంచిలో దొరికిన ఆసుపత్రి టేపు అంటించాడు. ఆమె ఇంట్లో పప్పుల డబ్బాల మీద కూడా తేదీ వేసే మనిషి కనుక, దీని మీదా వేశాడు. ఆమె గది కిటికీలో పెట్టి, ఎదురుపడకుండా జారుకున్నాడు.

ఆ కిటికీలోకి వచ్చేవి ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఆపరేషన్ పరికరాలే. పెద్దక్క కింద పనిచేసే చెల్లి చూసింది. ఆకుపచ్చ గుడ్డ, తేదీ, టేపు. ఆవిరి తగిలితే ఆ టేపు మీద నల్లచారలు రావాలి, రాలేదు. "అమ్మో, ఎనిమిదింటి సెట్టు ఇదే, మర్చిపోయాం!" అనుకుంది. యంత్రంలో చోటు చాలక, అసలు గొంతు సెట్టును పదింటిదనుకుని బయటికి తీసి, దీన్ని లోపల పెట్టింది. చారలు రాగానే థియేటరుకు పంపేసింది.

కాసేపటికి ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"పెద్దక్కా, గొంతు సెట్టు అడిగితే బంగాళదుంప కూర పంపావేంటి?"

పెద్దక్క చూసేసరికి గొంతు సెట్టు యంత్రం బయటే ఉంది.

"చీటీ కూడా ఉంది, చదవనా? 'మాట్లాడకపోతే మానెయ్. తిండి మానకు.'"

ఫోన్‌లో నర్సుల నవ్వులు. ఇక్కడ చెల్లి కళ్లనిండా నీళ్లు. "నన్ను తిట్టక్కా!"

"తర్వాత తీరిగ్గా తిడతా. ముందు ఆ సెట్టు లోపల పెట్టు." పెద్దక్క మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "గంట పడుతుందమ్మా. తప్పు నాదే."

"పేషెంటుని ఇంకా తీసుకురాలేదులే, ఆగుతా. ఆ గంటసేపూ ఏం చేస్తావ్?"

"యంత్రం దగ్గరే నిలబడతానమ్మా."

"యంత్రాన్ని చెల్లి చూసుకుంటుంది. డబ్బా పంపిస్తున్నా, వరండాలో కూర్చుని తిను. అది కూడా బోర్డు మీద రాయి."

పెద్దక్క రాసింది. మొదటి ముద్ద తిన్నాక పంతం పక్కనపెట్టి తనే ఫోన్ చేసింది.

"నేనే."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "అన్నం... సరిగ్గా ఉడికిందా?"

"ఉడికింది" అంది. ఎన్నిసార్లో చెప్పలేదు.