మెడ కొలత డెబ్బై

ఆ సోమవారం ఉదయం మాస్టరు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదింటికి షాపు తెరవాలి. బ్యాండు మేళం బాకాగారి ఎర్రకోటు కత్తిరించే పని బావమరిదికి అప్పజెప్పాలి. పదింటికి భార్యను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరమ్మ చేతిలో ఓ చీటీ పెట్టి, "అబ్బే, మీకు ఆపరేషన్ అక్కర్లేదండీ" అనిపించుకుని, భోజనాల వేళకి తిరిగొచ్చి మళ్ళీ కత్తెర పట్టాలి. ఇందులో ఎక్కడా తేడా రావడానికి సందు లేదని ఆయన నమ్మకం.

మాస్టరంటే టైలరు మాస్టరు. అరవై రెండేళ్ళ వయసులో నలభై ఏళ్ళు కత్తిరింపు బల్ల మీద వంగే గడిపిన మనిషి. కొంతకాలంగా ఆయన నడుములో ఓ చిక్కు వచ్చిపడింది. వెన్నుపూసల్లో నరాలు వెళ్ళే దారి ఇరుకైపోయిందని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించింది. నిటారుగా నిలబడి నాలుగడుగులు వేస్తే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా కాళ్ళు బరువెక్కి, తిమ్మిరెక్కి, ఇక మావల్ల కాదు పొమ్మంటాయి. కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటాయి. వింతేమిటంటే ముందుకు వంగితే నొప్పి ఉండదు. అలా వంగినప్పుడు ఆ దారి కాస్త వెడల్పవుతుందట. అందువల్ల బల్ల మీద వంగి కత్తిరించినంతసేపూ మాస్టరు రాజాలా ఉంటాడు. వీధి చివర టీ కొట్టుకి బయల్దేరితే మాత్రం ఎవరి గుమ్మం మెట్లు ఖాళీగా ఉన్నాయా అని దిక్కులు చూస్తాడు.

"పని చేస్తే రాని నొప్పి నడిస్తే వస్తుందా? ఇలాంటి తెలివైన నొప్పి ఎక్కడైనా విన్నామా అక్కా?" అనేవాడు బావమరిది. మాస్టరు భార్య కాజాలు కుట్టుకుంటూ ఊరుకునేది. ఆవిడ ఊరుకోవడానికి వేరే కారణం ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆలుమగలకి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం షట్టరు దించగానే ఇద్దరూ నడుచుకుంటూ నది మీద వంతెన దాకా వెళ్ళి వచ్చేవారు. పగలంతా మిషన్ల చప్పుడులో చెప్పుకోలేని కబుర్లన్నీ ఆవిడ ఆ నడకలోనే చెప్పేది. ఎనిమిది నెలల కిందట మాస్టరు "ఇవాళ పనుంది, నువ్వెళ్ళిరా" అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు ఆవిడ ఒక్కతే వెళ్ళింది. తరవాత మానేసింది. నడుము నొప్పి అన్న సంగతి ఆవిడకి తెలుసు గానీ ఇరవై మీటర్లకే మొగుడి కాళ్ళు చచ్చుబడిపోతున్నాయన్న సంగతి తెలియదు. ఆయన చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

పోయినసారి డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది. మందులూ వ్యాయామం ఒకటి. వెన్నులో ఇంజెక్షన్ రెండోది. ఇరుకైనచోట ఎముక కాస్త తీసి నరాలకి చోటివ్వడం మూడోది. "ఒక వారం పాటు రోజూ ఆగకుండా ఎన్ని మీటర్లు నడవగలుగుతున్నారో రాసి తీసుకురండి. అది చూసి ఆలోచిద్దాం" అంది. మాస్టరుకి మూడో దారి పేరు వింటేనే చెమటలు పట్టాయి. నలభై ఏళ్ళు కత్తెర పట్టినవాడికి, ఒకసారి కత్తిరించాక మళ్ళీ అతకడం ఎంత కష్టమో తెలియదూ?

అయినా చెప్పినట్టే టేపు పట్టుకుని వీధి కొలిచాడు. సుద్దతో మీటరుకో గీత గీశాడు. మొదటిరోజు ఇరవై రెండో గీత దగ్గర కాళ్ళు చేతులెత్తేశాయి. పక్కనున్న చెప్పుల కొట్టు మెట్ల మీద కూలబడి, ఆ అంకెను తలుచుకుని, కత్తిని తలుచుకుని, చీటీ మీద అరవై అని రాశాడు. అరవై రాశాక మర్నాడు ఇరవై రాయడానికి మొహం చెల్లలేదు. అరవై రెండు రాశాడు. అలా రోజుకింత పెంచుకుంటూ పోయి ఆదివారానికల్లా డెబ్బై చేరాడు. నడిచి చేరలేదు గానీ, రాసి చేరాడు.

ఆ షాపులో చీటీలకి ఓ పద్ధతి ఉంది. కోటు కొలతలు ఏడు. పొడవు, ఛాతీ, నడుము, సీటు, భుజం, చెయ్యి, మెడ. ఎప్పుడూ అదే వరస కాబట్టి ఏది ఏ కొలతో రాయరు, పేరూ రాయరు. ఉత్త ఏడంకెలు రాసి, కోటు గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి చీటీకి గుండుసూదితో గుచ్చి మేకుకి తగిలిస్తారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: మాస్టరు రాసిన చీటీని ఎవరూ ప్రశ్నించకూడదు. ఒకసారి బావమరిది ఓ గూని మనిషి కొలతల్ని తన సొంత తెలివితో సరిచేస్తే కోటు మొత్తం పాడైంది. ఆ రోజు తిన్న చీవాట్లు అతనికి ఇప్పటికీ అరగలేదు. మాస్టరు తన నడక చీటీ కూడా అలవాటు కొద్దీ అలాగే ఏడంకెలు వరసగా రాసి అదే మేకుకి తగిలించాడు.

సోమవారం పొద్దున్న బల్ల మీంచి లేచి నిటారుగా నిలబడేసరికి ఆయన కాళ్ళు పట్టు తప్పాయి. ఆసరా కోసం గోడ పట్టుకోబోతే చెయ్యి మేకుకి తగిలి, రెండు చీటీలూ కింద పడ్డాయి. ఒకదానికి గుచ్చిన ఎర్రగుడ్డ ముక్క ఊడిపోయింది. మాస్టరు స్టూలు మీద కూలబడి, దారం వెతుకుతున్నట్టు నటించాడు. భార్య వచ్చి చీటీలు తీసింది. ఆవిడ పని కాజాలూ బొత్తాలే గానీ కొలతలు కాదు. రెంటిలోనూ ఏడేసి అంకెలు. ఒకదాంట్లో ఇరవైల నుంచి యాభైల దాకా ఉంటే, రెండోదాంట్లో అన్నీ అరవైలు, చివర డెబ్బై. బ్యాండు మేళంలో అన్నిటికంటే పెద్ద బాకా ఊదే బాకాగారిని ఆవిడ కళ్ళారా చూసింది. ఆయన వస్తే షాపు తలుపు రెండో రెక్క కూడా తియ్యాల్సి వచ్చేది. ఇంత పెద్ద అంకెలు ఆయనవి కాక ఇంకెవరివవుతాయి? ఎర్రముక్క ఆ చీటీకి గుచ్చి తమ్ముడి చేతికిచ్చి, రెండోది మడిచి మొగుడి జేబులో పెట్టింది. ఆయన జేబు తడుముకుని తృప్తిగా తల ఊపాడు.

ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి ఆ చీటీ తీసుకుని అంకెలన్నీ కంప్యూటరులో ఎక్కించింది. లోపల డాక్టరమ్మ గదిలో తెర మీద కనిపించింది అంకెలు కాదు, ఒక గీత. కొండెక్కినట్టు పైకి వెళ్ళి, ఉన్నట్టుండి లోయలో పడింది.

"గురువారం దాకా బాగానే నడిచారు కదండీ! శుక్రవారం ఏమైంది?" అంది డాక్టరమ్మ.

మాస్టరు తెరకేసి వంగి చూశాడు. తాను రాసిన అంకెలు రోజురోజుకీ పెరిగాయి. మరి ఈ గీత ఎందుకు పడింది? అబద్ధం రాస్తే పట్టేసే మెషీన్లు కూడా వచ్చేశాయన్నమాట.

"ఏమీ... ఏమీ కాలేదమ్మా."

"జారి పడ్డారా?"

"లేదమ్మా."

"బరువేమైనా ఎత్తారా?"

"కత్తెర తప్ప ఏమీ ఎత్తలేదమ్మా."

డాక్టరమ్మ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. మడమల మీద నడిపించింది. ఒంటికీ రెంటికీ ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగింది. అన్నీ బాగానే ఉన్నా గీత మాత్రం అలాగే ఉంది. "ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయిందంటే ఆలస్యం చెయ్యకూడదు. ఇవాళే అడ్మిట్ అవ్వండి. స్కాన్ మళ్ళీ తీద్దాం. అవసరమైతే రేపు పొద్దున్నే ఆపరేషన్" అంది.

పది నిమిషాల్లో మాస్టరు బట్టలు సంచిలోకీ, ఆయన ఆసుపత్రి గౌనులోకీ మారిపోయారు. వెనకాల అంతా తెరిచి, రెండు నాడాలతో కట్టిన గౌను అది. "కుట్టినవాడెవడో గానీ వెనక భాగం మరిచిపోయాడు. డబ్బు మాత్రం పూర్తిగా పుచ్చుకుని ఉంటాడు" అని నర్సుకి చెప్పాడు. నర్సు నవ్వలేదు. ఆయనకీ నవ్వు రాలేదు.

అంతలో భార్య ఫోన్ మోగింది. బావమరిది.

"అక్కా, ఒక్కసారి బావకివ్వు. గుడ్డ చాలట్లేదు. చెయ్యేమో కోటు కంటే పొడుగొస్తోంది."

"బావ మాట్లాడలేరురా! అడ్మిట్ చేసేశారు. రేపే ఆపరేషనట!"

అవతల కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "బావ ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? గౌను తొడిగారు."

"మరి ఈ చీటీ..."

"చీటీలో ఏముంటే అది చెయ్యరా! ఇప్పుడాయన్నేం అడగను?" అంటూ ఆవిడ ఏడ్చేసింది.

ఆ ఏడుపు విన్న బావమరిదికి మతిపోయింది. బావని ఎన్నిసార్లు వేళాకోళం చేశాడు! ఇది బావ చివరగా రాసిన చీటీ అయితే? ఇందులో పావు అంగుళం తేడా వచ్చినా తన చేతులకి పాపం అంటుతుందనుకున్నాడు. గుడ్డల కొట్టుకి పరిగెత్తి ఉన్న ఎర్రగుడ్డంతా తెచ్చి, కళ్ళు తుడుచుకుంటూ కత్తిరించడం మొదలుపెట్టాడు.

ఇక్కడ స్కాన్ గది ముందు చక్రాల మంచం ఆగింది. నర్సు ఒక కాగితం చూపించి సంతకం పెట్టమంది. మాస్టరు కలం పట్టుకున్నాడు. పక్కన భార్య ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడైనా పెట్టమని ఎవరూ చెప్పలేదు కాబట్టి గుండెకి హత్తుకుని నిలబడింది. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"డాక్టరమ్మని పిలవండి" అన్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. "ఆ అంకెలు నేను కల్పించినవమ్మా" అన్నాడు మాస్టరు. "మీ మెషీన్ పట్టేసింది. మొదటిరోజు ఇరవై రెండు మీటర్లు. ఆ తరవాత ఏ రోజూ అంతకు మించలేదు. నిన్న పద్దెనిమిది. కోస్తారన్న భయంతో ఎక్కువ రాశాను."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఎనిమిది నెలలుగా ఇంతేనమ్మా."

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ముందు తిట్టింది, బాగానే తిట్టింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "నెమ్మదిగా వచ్చిందైతే ఇవాళే పరిగెత్తాల్సిన పని లేదు. కాళ్ళలో బలం ఉంది. ఇంజెక్షన్‌తో కొందరికి కొన్ని నెలలు హాయిగా ఉంటుంది, కొందరికి ఏమీ ఉండదు. ఆపరేషన్‌తో చాలామంది నడక మెరుగుపడుతుంది. అందరికీ అని నేను మాటివ్వలేను. మీ మటుకు మీకు ఎంత నడక కావాలో మీరే చెప్పాలి. ఇంటికెళ్ళి ఇద్దరూ మాట్లాడుకుని ఫోన్ చెయ్యండి" అంది.

బస్సు దిగాక షాపు దాకా సగం దూరంలో మాస్టరు ఎవరి మెట్ల మీదో కూర్చున్నాడు. ఈసారి ఏ వంకా చెప్పలేదు. ఆవిడ పక్కనే కూర్చుంది.

"వంతెన దాకా రానన్నది అందుకా?"

"ఊఁ."

"నా కబుర్లు వినీ వినీ విసుగెత్తిందనుకున్నాను."

మాస్టరు ఆవిడకేసి తిరిగాడు. ఎనిమిది నెలలు ఈ మాట కడుపులో పెట్టుకుని కాజాలు కుట్టిందా ఈవిడ? "విసుగా! ఆ కబుర్లు లేక నాకు రోజు గడవట్లేదే" అన్నాడు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆపరేషన్ చేయించుకోమని నేననను, వద్దనీ అనను. ఏది చేసినా నిజం చెప్పి చెయ్యండి. నాకు కావలసింది అంతే."

షాపు ముందు చిన్న గుంపు ఉంది. లోపల బాకాగారు ట్రయలుకి వచ్చి నిలబడ్డారు. కోటు కాలరు ఆయన తల మీదుగా దిగి, భుజాలు దాటి, పొట్ట దాటి, నేల మీద చుట్టలా పడి ఉంది. కోటు చేతులు రెండూ గుమ్మం దాకా పాకాయి.

"మాస్టరుగారూ, మా మేళమంతటికీ కలిపి ఒక్కటే కుట్టారా?" అన్నారు బాకాగారు, కోపం తెచ్చుకోవాలో వద్దో తేలక.

బావ తన కాళ్ళ మీద నడిచి రావడం చూసేసరికి బావమరిది బావురుమన్నాడు. "మెడ డెబ్బై బావా! నువ్వు రాసిందే! దారమంత తేడా కూడా రానివ్వలేదు!"

మాస్టరు చీటీ తీసి చూశాడు. అరవై, అరవై రెండు... తన అబద్ధాలన్నీ ఎర్రముక్కతో సహా చేతిలో ఉన్నాయి. అంటే ఆసుపత్రికి వెళ్ళింది బాకాగారి కొలతలు. గీత పైకెక్కింది ఆయన ఛాతీ వల్లా, నడుము వల్లా. లోయలో పడింది ఆయన భుజం దగ్గర. ఏ మెషీనూ ఏ అబద్ధాన్నీ పట్టలేదు.

జరిగినదంతా విన్నాక బావమరిది మొహం విప్పారింది. "అయితే ఇంకేం బావా! ఒక్క ఫోన్ కొట్టు. చీటీ నాది కాదు, కంగారులో ఏదో వాగాను, నేను డెబ్బై మీటర్లు నడుస్తానని చెప్పు. సొంత దస్తూరీతో రాసిన చీటీ ఉండనే ఉంది. ఆపరేషన్ గొడవే ఉండదు!"

అవును, అలా అనొచ్చు. మాస్టరు భార్య వైపు చూశాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తలేదు గానీ దారం ఎక్కట్లేదు.

ఆయన ఫోన్ తీశాడు.

"డాక్టరమ్మా, పొద్దున నేనిచ్చిన చీటీ నాది కాదమ్మా. అది బాకా ఊదే ఒకాయన కోటు కొలతలు."

"మరి ఇరవై మీటర్లు అన్నారు?"

"అది మాత్రం నాదేనమ్మా" అన్నాడు మాస్టరు. "ఆపరేషన్‌కే తేదీ ఇవ్వండి. మా ఆవిడ దగ్గర ఎనిమిది నెలల కబుర్లు బాకీ పడిపోయాయి. అవి వినాలంటే కనీసం వంతెన దాకా నడవాలి."

సూదిలో దారం ఎక్కింది.

డాక్టరమ్మ తేదీ చెప్పి, ఫోన్ పెట్టేయబోతూ, నడుము యాభై ఉన్న ఆ బాకా ఆయన్ని కూడా వీలు చూసుకుని ఒకసారి వచ్చి కనిపించమంది.